గోల్డెన్ హ్యామ్‌స్టర్: పదహారు రోజుల గర్భం, రెండేళ్ళ జీవితం.. ఈ చిన్న ప్రాణి ఇంత త్వరగా ఎందుకు ముసలిదవుతుంది?

1930 ఏప్రిల్ 12. సిరియాలోని అలెప్పో నగరానికి సమీపంలో ఒక గోధుమ పొలాన్ని కూలీలు తవ్వుతున్నారు. ఆ తవ్వకాన్ని దగ్గరుండి చేయిస్తున్న వ్యక్తి జెరూసలేంలోని హీబ్రూ విశ్వవిద్యాలయానికి చెందిన జంతుశాస్త్రవేత్త ఇజ్రాయెల్ అహరోని. పైరులో చాలా భాగం పాడైన తర్వాత ఒక కలుగు అడుగున మెత్తటి గూడు బయటపడింది. అందులో ఒక తల్లి, పదకొండు పిల్లలు ఉన్నాయి.

పట్టుకుని పెట్టెలో వేయగానే తల్లి తనకు దగ్గరగా వచ్చిన పిల్ల తలను కొరికి చంపింది. మిగిలినవాటినైనా దక్కించుకోవాలని అహరోని ఆ తల్లిని సైనైడ్ సీసాలో వేసి చంపేశారు. జెరూసలేం చేరాక పిల్లల్లో కొన్ని బోనులోని చెక్కను కొరికి పారిపోయాయి. చివరికి మిగిలిన నాలుగింటి నుంచి, అంటే ఒకే తల్లి కడుపున పుట్టిన అన్నాచెల్లెళ్ళ కలయిక నుంచి, ఏడాదిలోపే సుమారు 150 హ్యామ్‌స్టర్లు పుట్టాయి.

నేడు ప్రపంచవ్యాప్తంగా ప్రయోగశాలల్లోనూ, పిల్లల గదుల్లోనూ కనిపించే గోల్డెన్ హ్యామ్‌స్టర్లలో దాదాపు అన్నీ ఆ ఒక్క గూటి సంతానమే. ఈ జాతి ఎంతకాలం జీవిస్తుంది, ఎలా ముసలిదవుతుంది, ఏ జబ్బుతో చనిపోతుంది అన్న విషయాల్లో శాస్త్రానికి తెలిసినదంతా ప్రధానంగా ఆ ఒక్క కుటుంబాన్ని చూసి నేర్చుకున్నదే. ఈ వ్యాసంలోని ప్రతి అంకెనూ ఆ సంగతి గుర్తుంచుకుని చదవవలసి ఉంటుంది.

కాలా అజార్ కోసం మొదలైన అన్వేషణ

అహరోనిని అలెప్పోకు పంపింది ఒక జబ్బు. బెంగాల్, అస్సాం, బిహార్ ప్రాంతాల్లో లక్షలాది ప్రాణాలు తీసిన కాలా అజార్ అది. ఆ జబ్బుకు కారణమైన పరాన్నజీవిని 1903లో విలియం లీష్మన్, అప్పటి మద్రాసులో పనిచేస్తున్న వైద్యుడు చార్లెస్ డోనోవన్ విడివిడిగా గుర్తించారు. వారిద్దరి పేర్ల మీదుగానే దానికి లీష్మేనియా డోనోవని అన్న పేరు వచ్చింది.

ఈ పరాన్నజీవిపై పరిశోధన చేస్తున్న హీబ్రూ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త సాల్ ఆడ్లర్‌కు ప్రయోగాలకు అనువైన ఒక చిన్న జంతువు కావలసి వచ్చింది. చైనా హ్యామ్‌స్టర్లు ఇందుకు పనికొచ్చినా, బోనుల్లో వాటి సంతతిని పెంచడం కష్టమైంది. దగ్గరలో దొరికే మరో హ్యామ్‌స్టర్ జాతి ఏదైనా ఉందా అని ఆయన అహరోనిని అడిగారు.

ఉంది, కానీ దాని గురించి తెలిసినది చాలా తక్కువ. 1839లో జార్జ్ వాటర్‌హౌస్ అనే బ్రిటిష్ జంతుశాస్త్రవేత్త అలెప్పో నుంచి వచ్చిన ఒకే ఒక్క నమూనాను చూసి ఈ జాతిని వర్ణించారు. ఆ నమూనా ఒక ముసలి ఆడ హ్యామ్‌స్టర్‌ది. సగటు వయసు మించిన ఒక ప్రాణితో శాస్త్ర చరిత్రలోకి వచ్చిన ఈ జాతి, తర్వాతి కాలంలో వృద్ధాప్య పరిశోధనకే ఉపయోగపడడం యాదృచ్ఛికమే అయినా ఆసక్తికరం.

ఆడ్లర్ 1931లో కొన్ని హ్యామ్‌స్టర్లను తన కోటు జేబుల్లో పెట్టుకుని ఇంగ్లండ్‌కు చేర్చారు. 1938 నాటికి అవి అమెరికా చేరాయి. పెంపుడు జంతువులుగా ఇళ్ళలోకి ప్రవేశించింది ఆ తర్వాతే.

పదహారు రోజుల్లో కాన్పు

గోల్డెన్ హ్యామ్‌స్టర్ గర్భధారణ కాలం సుమారు 16 రోజులు. మాయతో గర్భంలో పిల్లలను పెంచే క్షీరదాల్లో ఇంత తక్కువ గర్భకాలం మరే జాతిలోనూ కనిపించదు. చుంచెలుకకే 19 నుంచి 21 రోజులు పడుతుంది. బరువులో చుంచెలుక కంటే ఎన్నో రెట్లు పెద్దదైన హ్యామ్‌స్టర్ అంతకంటే ముందుగా ప్రసవిస్తుంది.

ఒక్కో కాన్పులో సాధారణంగా 8 నుంచి 10 పిల్లలు పుడతాయి. ఒక్కొక్కటి రెండు మూడు గ్రాముల బరువుండే ఈ పిల్లలకు వెంట్రుకలు ఉండవు, కళ్ళు తెరుచుకోవు. అయితే పళ్ళు మాత్రం పుట్టుకతోనే వస్తాయి. వారం పది రోజులు గడిచేసరికి, ఇంకా కళ్ళు తెరవకముందే, గూటిలోని గింజలను కొరకడం మొదలుపెడతాయి. రెండు వారాలకు కళ్ళు తెరుస్తాయి. మూడు వారాలకు పాలు మానేస్తాయి. నాలుగు నుంచి ఆరు వారాల వయసులో సంతానోత్పత్తికి సిద్ధమవుతాయి. అంటే ఒక ఆడపిల్ల పుట్టిన రెండు నెలలకే తల్లి కాగలదు.

ఈ వేగానికి తగిన కఠినత్వం కూడా ఆ తల్లిలో ఉంది. అలెప్పోలో అహరోని చూసింది పట్టుబడిన భయంతో చేసిన పని కావచ్చు. కానీ ప్రశాంతంగా ఉన్న బోనుల్లోనూ ఆడ హ్యామ్‌స్టర్లు కాన్పు తర్వాత తొలి రోజుల్లో తమ పిల్లల్లో కొన్నింటిని తినేస్తాయి. పెంపకందారులు దీన్ని చాలాకాలం తల్లి తప్పిదంగానో, మనుషులు ముట్టుకున్న ఫలితంగానో భావించారు. 1977లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో పరిశోధకులు కొన్ని తల్లుల వద్ద అదనపు పిల్లలను చేర్చారు, మరికొన్ని తల్లుల వద్ద నుంచి కొన్నింటిని తీసేశారు. పిల్లలు పెరిగిన చోట తల్లులు ఎక్కువగా తిన్నాయి, తగ్గిన చోట తక్కువగా తిన్నాయి. తాను సాకగలిగినంత మందినే ఉంచుకునే లెక్క అది.

గర్భంతో ఉన్నప్పుడు తిండి తగ్గిన తల్లుల్లో కాన్పు చిన్నదవుతుందని, అందులో మగపిల్లల నిష్పత్తి కూడా తగ్గుతుందని 1980ల నాటి ప్రయోగాల్లో తేలింది. ఒక ఆడపిల్ల చిన్నగా పెరిగినా సంతానాన్ని కనగలదు. బలహీనమైన మగది మాత్రం పోటీలో నిలవడం కష్టం. కరవు రోజుల్లో ఆడపిల్లలపై ఆధారపడడమే ఆ తల్లికి లాభసాటి అని పరిశోధకులు దీన్ని అర్థం చేసుకున్నారు.

ఇంత తొందర ఎందుకు?

ఒక ప్రాణి ఎంతకాలం బతుకుతుందన్నది దాని శరీర పరిమాణాన్ని బట్టి ఉంటుందని సాధారణంగా అనుకుంటారు. ఏనుగు ఎక్కువకాలం, ఎలుక తక్కువకాలం. కానీ సైబీరియాలో పట్టుబడిన, ఏడు గ్రాముల బరువుండే ఒక బ్రాంట్ గబ్బిలం కనీసం 41 ఏళ్ళు జీవించినట్లు నమోదైంది. ఆఫ్రికాలో నేల అడుగున గుంపులుగా బతికే నేకెడ్ మోల్ ర్యాట్ పట్టుమని 40 గ్రాములు కూడా ఉండదు, అయినా బోనుల్లో 30 ఏళ్ళు దాటుతుంది. వాటితో పోలిస్తే సుమారు 120 గ్రాముల గోల్డెన్ హ్యామ్‌స్టర్ పెద్ద జంతువే. అది మాత్రం ఎంత బాగా చూసుకున్నా రెండు మూడేళ్ళకు మించి బతకడం అరుదు.

ఈ తేడాకు వివరణ శరీరంలో కంటే పరిసరాల్లోనే ఎక్కువగా ఉంది. బ్రిటిష్ శాస్త్రవేత్త పీటర్ మెడవార్ 1952లోనూ, అమెరికాకు చెందిన జార్జ్ విలియమ్స్ 1957లోనూ దీనికి పునాది వేశారు. గబ్బిలం ఎగిరి తప్పించుకుంటుంది. మోల్ ర్యాట్ సొరంగాలు దాటి బయటకు రాదు. వాటికి రేపటి రోజు దాదాపు ఖాయం కాబట్టి శరీరాన్ని మరమ్మతు చేసుకుంటూ ఉండడం లాభసాటి. గుడ్లగూబ, నక్క, పాము కాచుకుని ఉండే బయలు నేలలో ఒంటరిగా తిరిగే హ్యామ్‌స్టర్‌కు ఆ భరోసా లేదు. మూడో ఏట బయటపడే జబ్బును నివారించే జన్యువు ఉన్నా, మూడో ఏడు చూడని ప్రాణికి దానివల్ల ఒరిగేది ఏమీ లేదు. ప్రకృతి ఎంపిక ఆ వయసును పట్టించుకోదు.

టామ్ కర్క్‌వుడ్ అనే శాస్త్రవేత్త 1977లో ఇదే వాదనను శక్తి వినియోగం వైపు నుంచి చెప్పారు. తిన్న తిండి నుంచి వచ్చే శక్తి పరిమితం. దాన్ని సంతానం మీద పెట్టాలా, కణాల మరమ్మతు మీద పెట్టాలా అన్నది ప్రతి జాతి ముందూ ఉండే ప్రశ్న. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలన్న సామెతను హ్యామ్‌స్టర్ శరీరం అక్షరాలా పాటిస్తుంది. నాలుగు రోజులకొకసారి ఎదకు వస్తుంది, పదహారు రోజుల్లో కంటుంది, మూడు వారాల్లో పిల్లలను వదిలేసి మళ్ళీ సిద్ధమవుతుంది.

బోనులో పెంచినప్పుడు వేటగాళ్ళు ఉండరు. అయినా తరతరాలుగా శరీరంలో రాసి ఉన్న లెక్క మారదు. అందుకే ఎంతో ప్రేమగా పెంచిన హ్యామ్‌స్టర్ కూడా ఏడాది దాటగానే దిగజారడం మొదలవుతుంది.

ముసలితనం ఎలా వస్తుంది?

మొదటి లక్షణం కాన్పులో కనిపిస్తుంది. ఏడాది దాటిన తర్వాత పిల్లల సంఖ్య తగ్గుతూ వస్తుంది, ఆపై సంతానోత్పత్తి ఆగిపోతుంది. ఒకప్పుడు రాత్రంతా చక్రంలో పరుగెత్తే జంతువు కాసేపు పరుగెత్తి ఆగుతుంది, పగటి నిద్ర మధ్యలో లేస్తుంది. వెంట్రుకలు పలచబడతాయి. మూత్రపిండాలు, గుండె, కాలేయం దెబ్బతింటాయి.

ఈ జాతి వృద్ధాప్యంలో అన్నిటికంటే విచిత్రమైన విషయం ఆడ, మగల మధ్య తేడా. మనుషులతో సహా అనేక క్షీరదాల్లో ఆడవే ఎక్కువకాలం జీవిస్తాయి. ప్రయోగశాలల్లోని గోల్డెన్ హ్యామ్‌స్టర్లలో మగవే ఎక్కువకాలం జీవిస్తాయి.

ఇందుకు ప్రధాన కారణం అమిలాయిడోసిస్ అనే జబ్బు. కొన్ని ప్రొటీన్లు తమ సహజ రూపం కోల్పోయి, కరగని పోగులుగా మారి మూత్రపిండాల్లోనూ కాలేయంలోనూ పేరుకుపోవడమే ఈ జబ్బు. ముసలి హ్యామ్‌స్టర్ల మరణాలకు ఇది ఒక ముఖ్య కారణం. ఇది ఆడవాటిలో త్వరగా, తీవ్రంగా వస్తుంది. ఆడ హ్యామ్‌స్టర్ల రక్తంలో మగవాటి కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా ఉండే ఒక ప్రొటీన్‌ను 1970లలో గుర్తించిన శాస్త్రవేత్తలు దానికి నేరుగా ఫీమేల్ ప్రొటీన్ అని పేరు పెట్టారు. మగ హార్మోన్ ఆ ప్రొటీన్ ఉత్పత్తిని అణచి ఉంచుతుంది. అది ఎంత ఎక్కువగా ఉంటే అమిలాయిడ్ పేరుకోవడం అంత వేగంగా సాగుతుందని తర్వాతి ప్రయోగాల్లో తేలింది.

ఇంటర్నెట్‌లో హ్యామ్‌స్టర్ వయసును మనిషి వయసులోకి మార్చే పట్టికలు చాలా కనిపిస్తాయి. అవి సరదాకు పనికొస్తాయి గానీ అంతకుమించి కాదు. రెండు నెలలకే తల్లి కాగల ప్రాణి బాల్యాన్ని, ఏడాదిన్నరకు ముసలిదయ్యే దాని చివరి దశను ఒకే గుణకంతో హెచ్చవేయడం కుదరదు. పైగా ఆడదానికి ఒక లెక్క, మగదానికి ఇంకొక లెక్క అవసరమవుతుంది.

శరీరంలోని గడియారం, ఆయుష్షు

1988లో అమెరికా శాస్త్రవేత్తలు మార్టిన్ రాల్ఫ్, మైకేల్ మెనాకర్ ఒక వింత హ్యామ్‌స్టర్‌ను గుర్తించారు. మామూలు హ్యామ్‌స్టర్లకు పూర్తి చీకటిలో ఉంచినా రోజు సుమారు 24 గంటలుగానే సాగుతుంది. ఈ జంతువు రోజు మాత్రం 22 గంటలే. దాని సంతానంలో ఈ జన్యు మార్పు ఇద్దరు తల్లిదండ్రుల నుంచీ సంక్రమించిన పిల్లల రోజు 20 గంటలకు తగ్గింది. క్షీరదాల్లో రోజు పొడవును మార్చే ఒకే జన్యు మార్పు ఇలా బయటపడడం అదే మొదటిసారి. దానికి టౌ అని పేరు పెట్టారు.

మెదడులో కంటి నరాలు కలిసే చోట, సరిగ్గా వాటి పైన ఉండే చిన్న కణాల గుంపే ఈ గడియారమని తర్వాత నిరూపించారు. ఆ కణాలను తొలగించి మరో హ్యామ్‌స్టర్ పిండం నుంచి తీసిన కణాలను అమర్చితే, జంతువు కొత్త కణాల సమయాన్నే పాటించింది.

ఆయుష్షుకు సంబంధించిన ఫలితం 1998లో వెలువడింది. ముసలి హ్యామ్‌స్టర్ల మెదడులో పిండం నుంచి తీసిన గడియారపు కణాలను అమర్చినప్పుడు, వాటి దినచర్య మళ్ళీ గాడిన పడిన జంతువులు ఎక్కువకాలం జీవించాయి. 22 గంటల గడియారం ఉన్నవాటిని 24 గంటల పగలు రాత్రుల మధ్య ఉంచితే వాటి ఆయువు తగ్గింది. లోపలి గడియారానికీ బయటి ప్రపంచానికీ పొంతన కుదరకపోతే శరీరం మూల్యం చెల్లిస్తుందని పరిశోధకులు దీన్ని వివరించారు. రాత్రి షిఫ్టుల్లో పనిచేసే మనుషుల ఆరోగ్యంపై చర్చ జరిగినప్పుడల్లా ఈ అధ్యయనం ప్రస్తావనకు వస్తుంటుంది. అయితే 2002లో మరో బృందం 20 గంటల గడియారం ఉన్నవే మామూలువాటి కంటే ఎక్కువకాలం జీవించినట్లు ప్రకటించింది. గడియారం వేగమే ఆయుష్షును నిర్ణయిస్తుందని ఒక్క మాటలో తేల్చడానికి ఈ రెండు ఫలితాలూ అవకాశం ఇవ్వవు.

శీతల నిద్రకు సంబంధించిన ఫలితం కొంత స్పష్టంగా ఉంది. గోల్డెన్ హ్యామ్‌స్టర్‌కు దగ్గరి బంధువైన టర్కీ హ్యామ్‌స్టర్లపై జరిగిన అధ్యయనం 1981లో ప్రచురితమైంది. చలిలో ఎక్కువ కాలం నిద్రాణంగా గడిపినవి, తక్కువ కాలం గడిపినవాటి కంటే ఎక్కువకాలం బతికాయని అందులో తేలింది. గోల్డెన్ హ్యామ్‌స్టర్ కూడా పగటి వెలుతురు తగ్గి, చలి 5 డిగ్రీల సెల్సియస్ దగ్గరకు చేరితే కొన్ని రోజులపాటు ఒళ్ళు చల్లబడి కదలకుండా ఉండిపోతుంది. చలి ప్రదేశాల్లో పెంచుకునేవారు ఈ స్థితిని మరణంగా పొరబడే ప్రమాదం ఉంది. మన ఎండాకాలంలో ఎదురయ్యే ప్రమాదం దీనికి పూర్తిగా వ్యతిరేకం. పగలంతా చల్లటి కలుగులో తలదాచుకునేలా రూపొందిన ఈ శరీరం గాలి ఆడని వేడి గదిని తట్టుకోలేదు. రెండు పెద్ద హ్యామ్‌స్టర్లను ఒకే బోనులో ఉంచితే అవి తీవ్రంగా గాయపరచుకుంటాయి. మూడో ఏడు చూడని పెంపుడు జంతువులన్నీ ముసలితనంతోనే పోవు.

హైదరాబాద్ టీకా, హాంకాంగ్ దుకాణాలు

కాలా అజార్ తర్వాత ఈ జంతువు పేరు విస్తృతంగా వినిపించింది కోవిడ్ కాలంలో. మామూలు చుంచెలుకలకు తొలినాటి కరోనా వైరస్ సోకేది కాదు. గోల్డెన్ హ్యామ్‌స్టర్‌కు మాత్రం సులువుగా సోకి, ఊపిరితిత్తుల్లో మనుషులను పోలిన న్యుమోనియా కలిగించింది. హైదరాబాద్‌కు చెందిన భారత్ బయోటెక్ రూపొందించిన కోవాగ్జిన్‌ను పుణెలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వైరాలజీ శాస్త్రవేత్తలు ఈ హ్యామ్‌స్టర్లపై పరీక్షించారు. ఆ ఫలితాలు 2021లో ప్రచురితమయ్యాయి. 2022 జనవరిలో హాంకాంగ్‌లోని పెంపుడు జంతువుల దుకాణాల్లో హ్యామ్‌స్టర్లకు వైరస్ సోకినట్లు తేలడంతో అక్కడి ప్రభుత్వం సుమారు రెండు వేల చిన్న జంతువులను చంపించింది.

వయసు పాత్ర ఇక్కడ కూడా బయటపడింది. ఆరు వారాల వయసున్న హ్యామ్‌స్టర్లతో పోలిస్తే సుమారు ఎనిమిది నెలల వయసున్నవి కోవిడ్ సోకినప్పుడు ఎక్కువ బరువు కోల్పోయాయి, నెమ్మదిగా కోలుకున్నాయి. చిన్నవాటిలో రోగనిరోధక కణాలు వేగంగా ఊపిరితిత్తులకు చేరుకుని, అంతే వేగంగా శాంతించాయి. కొన్ని నెలల తేడాతో వృద్ధాప్యాన్ని పోల్చి చూడగలగడమే ఈ జంతువు పరిశోధకులకు ఇచ్చే సౌకర్యం.

పొలంలో వేరే జీవితం

ఈ పరిశోధనలు ఇంత జరిగినా, దాని సొంత నేలపై గోల్డెన్ హ్యామ్‌స్టర్‌ను చూసినవారు చాలా కొద్దిమంది. 1971లో మైకేల్ మర్ఫీ అనే పరిశోధకుడు అలెప్పో నుంచి పన్నెండింటిని అమెరికాకు తీసుకెళ్ళారు. ఆ తర్వాత జర్మనీలోని హాలె విశ్వవిద్యాలయానికి చెందిన రోల్ఫ్ గాటర్‌మాన్ బృందం 1997, 1999 సంవత్సరాల్లో ఉత్తర సిరియా, దక్షిణ టర్కీ పొలాల్లో గాలించింది. వారికి దొరికినవి 30 కలుగులు, 19 హ్యామ్‌స్టర్లు. ఒక్కో కలుగులో ఒక్కటే పెద్ద హ్యామ్‌స్టర్ నివసిస్తోంది. కలుగుల సగటు లోతు 65 సెంటీమీటర్లు, అన్నిటికంటే లోతైనది మీటరుకు కాస్త ఎక్కువ. అహరోని తాను ఎనిమిది అడుగుల లోతు తవ్వించినట్లు రాసుకున్నారు. వేటగాళ్ళ కథల్లో చేప పెరిగినట్లే ఆ కలుగు కూడా జ్ఞాపకాల్లో కాస్త లోతెక్కి ఉండవచ్చు.

2008లో ప్రచురితమైన మరో అధ్యయనం ప్రయోగశాలల వారిని మరింత ఆశ్చర్యపరిచింది. బోనుల్లో పూర్తిగా నిశాచరిగా ఉండే ఈ జంతువు, దక్షిణ టర్కీ పొలాల్లో పగటిపూట తిరుగుతున్నట్లు తేలింది. ఆడ హ్యామ్‌స్టర్లు ఉదయం కాసేపు, సాయంత్రం పొద్దుగూకే ముందు కాసేపు బయటకు వచ్చి, బుగ్గ సంచుల నిండా గింజలు నింపుకుని మళ్ళీ లోపలికి వెళ్ళిపోతున్నాయి. జీవ గడియారాల శాస్త్రానికి దశాబ్దాలపాటు నమూనాగా నిలిచిన జంతువు, సొంత పొలంలో ఆ శాస్త్రం చెప్పిన వేళలకు భిన్నంగా జీవిస్తోంది. బోనులోని ఆయుష్షును, బోనులోని వృద్ధాప్యాన్ని ఆ జాతి సహజ జీవితంగా భావించేవారు ఈ ఫలితాన్ని పక్కన పెట్టలేరు.

ఆ సహజ జీవితాన్ని తెలుసుకునే వ్యవధి తగ్గిపోతోంది. సిరియా, టర్కీ సరిహద్దులోని చిన్న ప్రాంతంలో తప్ప ప్రపంచంలో మరెక్కడా ఇది అడవి జంతువుగా లేదు. ఆ ప్రాంతం మొత్తం సాగుభూమే. శనగ, మసూరు, గోధుమ, బార్లీ పండించే అక్కడి రైతుల దృష్టిలో ఇది పంట దోచుకునే ఎలుక మాత్రమే. మన పొలాల్లో పందికొక్కులకు పెట్టినట్లే అక్కడ వీటికి మందు పెడతారు, బోనులు పెడతారు. లోతైన యంత్రపు దుక్కులు కలుగులను చెదరగొడుతున్నాయి. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం ఈ జాతిని అంతరించే ప్రమాదంలో ఉన్న జంతువుల జాబితాలో చేర్చింది. 2012 నుంచి ఏళ్ళ తరబడి సాగిన యుద్ధం, 2023 ఫిబ్రవరి నాటి భూకంపం ఆ నేల మీదే విరుచుకుపడ్డాయి.

గాటర్‌మాన్ బృందం పట్టుకున్న 19 హ్యామ్‌స్టర్లను హాలెకు తరలించి, వాటి నుంచి ఒక కొత్త సంతతిని పెంచింది. 1930 నాటి గూటితో ప్రమేయం లేని ఆ సంతతిని పాత కుటుంబంతో పోల్చి చూసే పని అక్కడ మొదలైంది.